అడవిలో పడుకోడానికి ఎవర్నడగాలి?

2023 మార్చిలో, ఉగాదికి వారం ముందు, మా నాయన జీవితంలో మొదటిసారి ఆర్వీ ఎక్కాడు. ఎక్కే ముందు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఎద్దుల్ని కొనే ముందు సంతలో తిరిగినట్టే. వంగి కింద ఇరుసు చూశాడు. వెనక నిచ్చెన పట్టుకుని ఊపాడు. లోపలికి వచ్చి మంచాలు, పొయ్యి, నీళ్ల తొట్టి, మరుగుదొడ్డి అన్నీ చూసి, ముందు సీటు మీద చెయ్యేసి అన్నాడు:

"ఇది గూడు బండే కదరా. ఎద్దులు లోపల ఉండాయంతే."

మాది గడివేముల. నంద్యాలకు వాయవ్యంగా, కుందూ అవతల. నేనుండేది చాండ్లర్‌లో, అరిజోనా. పిల్లవాడికి బడి సెలవులు, అమ్మానాయనా వచ్చి నెల అయింది, ఇంట్లో కూర్చుని టీవీలో నంద్యాల వార్తలే చూస్తున్నారు. సరే, నాలుగు రోజులు ఆర్వీ అద్దెకు తీసుకుని గ్రాండ్ కేన్యన్ పోదామనుకున్నాం. అమ్మ రెండు రోజుల ముందు నుంచే జొన్నరొట్టెలు కాల్చి గుడ్డలో చుట్టింది, ఊరిబిండి డబ్బాలకెత్తింది. ఫ్రిజ్జుంది, పొయ్యుంది, నాలుగు గంటల ప్రయాణమే అంటే వినలేదు. "అడివికి పోతా సద్ది లేకుండా ఎవరన్నా పోతారా?"

ఆ మాట దగ్గరే నాకు ఈ వ్యాసం మొదలైంది. వాళ్లిద్దరికీ ఇది కొత్త దేశంలో కొత్త అనుభవం అవుతుందనుకున్నా. వాళ్లకేమో తెలిసిన పనే. ఇల్లు కట్టుకుని అడివికి పోవడం.

నాయనకు తొమ్మిదేళ్లప్పుడు, 1964లో, మా జేజినాయన ఇంటిల్లిపాదినీ గూడు బండిలో ఎక్కించుకుని ఉగాదికి శ్రీశైలం బయలుదేరాడట. ఈ కథ చిన్నప్పటి నుంచీ ముక్కలు ముక్కలుగా విన్నదే. ఫ్లాగ్‌స్టాఫ్ ఘాట్ ఎక్కుతుంటే మాత్రం మొదటిసారి వరసగా చెప్పాడు. బండి అడుగున జొన్న చొప్ప పరిచి, దానిమీద బొంతలు. పైన వెదురు తడికల గూడు. నొగల కింద లాంతరు, వెనక కందెన బుడ్డి, ఎద్దులకు ఉలవల మూట. కందెన మాత్రం మర్చిపోకూడదంట. ఇరుసు అరిస్తే ఊరంతా నవ్వుతుందని. గడివేముల నుంచి తూర్పుకు కుందూ దాటి, కె.సి. కాలవ దాటి, వెలుగోడు మీదుగా ఆత్మకూరు. రాత్రుళ్లు చెరువు కట్టల కింద విడిది. ఆత్మకూరులో కన్నడం వాళ్ల గుంపులు కలిసేవి. ఉత్తర కర్ణాటక నుంచి ఉగాదికి నడిచొచ్చే ఆ జనం భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచు అనుకుంటారు, చీర, పసుపు కుంకుమ తెస్తారు. ఇప్పటికీ వస్తున్నారు. వెంకటాపురం దగ్గర బండ్లు ఆపేసి, ఎద్దుల్ని కాపలా వాళ్లకొదిలి, అక్కణ్ణించి నడక. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం. డోర్నాల వైపు నుంచి మోటారు బస్సులు తిరుగుతున్నా మా జేజినాయన బస్సెక్కలేదు. బస్సులో పోతే శ్రీశైలం పోయినట్టు కాదని ఆయన లెక్క.

(ఆ గూడు బండి ఎద్దులు మేసిన గని మిట్టల్లో ఇప్పుడు సోలార్ పలకలున్నాయి. గని, శకునాల ఊళ్ల మధ్య 5,900 ఎకరాల పైన, 1,000 మెగావాట్లు. 2017లో మొదలైంది. గూగుల్ మ్యాప్‌లో మా మండలాన్ని ఎవరికైనా చూపించాలంటే ఆ నల్లటి మడులే సులువైన గుర్తు.)

ఇల్లు కట్టుకుని అడివికి పోవడం అనగానే తెలుగు చదివేవాళ్లకు గుర్తు రావాల్సిన మనిషి ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీం కోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, కాశీ దాకా పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. కుటుంబం, పరివారం, బోయీలు, అందరూ కలిపి దాదాపు వందమంది. పల్లకీలు, డేరాలు, వంట సామాను. దారి పొడుగునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసిన సంగతులే 'కాశీయాత్ర చరిత్ర'. పుస్తకంగా 1838లో వచ్చేనాటికి వీరాస్వామయ్య లేడు, 1836లోనే పోయాడు. ఇవాళ మనం చదువుతున్నామంటే 1941లో దిగవల్లి వేంకట శివరావు దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చినందువల్ల.

ఈ పుస్తకాన్ని మనవాళ్లు తొలి తెలుగు యాత్రా చరిత్ర అని పొగిడి పక్కన పెడతారు. నేను చదివినప్పుడు నాకు కనబడ్డది ఇంకోటి. ప్రతి మజిలీ దగ్గరా ఆయన రాసుకునేవి ఏంటంటే: నీళ్లున్నాయా, బావా చెరువా, అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా, దారి రాళ్లదా రేగడిదా, తర్వాతి ఊరు ఎన్ని ఆమడలు. నేను ఆర్వీ కోసం రెండు వారాలు కూర్చుని చదివిన క్యాంపు సమీక్షలు కూడా సరిగ్గా ఇవే. నీళ్ల పైపుందా, కరెంటుందా, మురుగు గొట్టముందా, బండి తిప్పడానికి చోటుందా. 1915 నుంచి 1924 దాకా హెన్రీ ఫోర్డ్, ఎడిసన్, ఫైర్‌స్టోన్ వంటబండి వెంటబెట్టుకుని చేసిన విహారాలను అమెరికాలో ఈ ఆర్వీ సరదాకు తాతల్లాగా చెబుతారు. డేరాలు, వంటవాళ్లు, ఒక ఏడాదైతే అధ్యక్షుడు హార్డింగ్ కూడా. వాళ్లకు ఎనభై అయిదేళ్ల ముందే మన ఇంటర్‌ప్రిటర్ గారు వందమందితో అహోబిలం, మహానంది చూసుకుని ఆత్మకూరు దారిలో నల్లమల చేరాడు.

మా ఊరి వైపు మనుషులకు ఆ అధ్యాయం వేరే రకంగా తగులుతుంది. తెలిసిన పేర్లన్నీ ఉంటాయి. వెలుగోడు. ఆత్మకూరు. శ్రీశైలం చూసుకుని కృష్ణ దాటడానికి ఆయన నివృత్తి సంగమం వచ్చాడు. ఆ సంగమేశ్వరం ఇప్పుడు శ్రీశైలం జలాశయంలో ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు గుడి నీళ్లలోనే, ఎండాకాలంలో బయటపడుతుంది.

అప్పట్లో ఆ అడివి కందనూరు నవాబుది. కందనూరంటే కర్నూలే. శ్రీశైలం పోయే యాత్రికుల దగ్గర నవాబు మనుషులు సుంకం తీసుకునేవాళ్లు. వీరాస్వామయ్యకు అది నచ్చలేదు. జనం దగ్గర వసూలు చేస్తారు, గుడిని మాత్రం పట్టించుకోరని ఆయన బాధ. ఆ బాధ న్యాయమే. కానీ ఆయన ఇంగ్లీషువాళ్ల కొలువులో పెరిగిన మనిషి. నవాబు పాలన చెడ్డదని చెప్పడంలో ఆయనకు కొంచెం తొందర ఉందని కూడా నాకనిపిస్తుంది. తొమ్మిదేళ్లకే, 1839లో, కంపెనీ నవాబును దించేసి కర్నూలు తీసేసుకుంది. మరి ఆ తర్వాత అడివి ఎవరిదైంది?

ఇక్కడ చెంచుల సంగతి చెప్పాలి.

ఆ దారిలో మైదానపు మనిషి ఒంటరిగా నడిచేవాడు కాదు. పులి ఉంది, దొంగలున్నారు, నీళ్లు ఏ కొల్లంలో ఉన్నాయో తెలియదు, తాగిన నీళ్లకు జ్వరం వస్తుందో రాదో తెలియదు. దారి చూపించి, రాత్రి కాపు కాసేది చెంచులు. దానికి యాత్రికుల దగ్గర రుసుం తీసుకోవడం వాళ్ల హక్కుగా నడిచింది. నవాబు సుంకం నవాబుది, చెంచు రుసుం చెంచుది. ఈ రెండోది ఎవరో దయతలచి ఇచ్చిన ఇనాం అనుకోడానికి వీల్లేదు. నువ్వు నా ఇంట్లోంచి నడుస్తున్నావు, నిన్ను క్షేమంగా దాటిస్తా, నాకిచ్చేది నాకివ్వు. అంతే.

ఒప్పందం ఒకవైపే ఉండేది కాదని దేవుళ్ల కథలు కూడా చెబుతాయి. శ్రీశైలం మల్లన్న వాళ్లకు చెంచు మల్లయ్య. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకున్న అల్లుడు. ఆళ్లగడ్డ వైపు వాళ్లకు పారువేట సంగతి చెప్పక్కర్లేదు. సంక్రాంతి పండగప్పుడు అహోబిలం స్వామి పల్లకీ ఎక్కి, తన పెళ్లికి రమ్మని పిలుస్తా నలభై రోజుల పైన ఊరూరూ తిరుగుతాడు. ప్రతి ఊళ్లోనూ ఆయన దిగడానికి 'తెలుపు' అని కట్ట ఉంటుంది. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాల వేళకు తిరిగి అడివికి. దేవుడే ఏడాదికోసారి క్యాంపింగ్ చేసే ప్రాంతం మాది. అల్లుడి ఊరేగింపుకు ఇంత వైభోగం, అత్తగారి ఇల్లెక్కడుందో మాత్రం ఎవరూ అడగరు. పారువేట గురించి వచ్చే వ్యాసాల్లో నన్ను విసిగించేది ఇదే. చెంచుల పేరు మొదటి పేరాలో పురాణంగా వచ్చి, రెండో పేరాకి మాయమైపోతుంది.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడివిలో కొంత భాగానికి గీత గీసి, ఇది రిజర్వు అని ప్రకటించడం, లోపల ఎవరికి ఏ హక్కుందో ఒక అధికారి విచారించి కాగితం మీద తేల్చడం, తేల్చనివి పోవడం. ఇదీ దాని పని. కాగితం లేని మనుషుల హక్కు కాగితం మీద ఎలా తేలుతుంది? నేను రోజూ చేసే పనిలో దీనికి పోలిక ఉంది. పాత సిస్టమ్ నుంచి కొత్త డేటాబేస్‌కు మారేటప్పుడు, పాతదాంట్లో ఎక్కడా రాయకుండా నోటిమాటగా నడిచిన నియమాలన్నీ పోతాయి. ఎవరూ కావాలని తీసెయ్యరు. వాటికి కాలమ్ ఉండదు. పోలిక ఇక్కడిదాకానే పనికొస్తుంది. ఎందుకంటే అటవీ చట్టం విషయంలో కొన్నింటిని కావాలనే తీసేశారు. తేనె, గడ్డలు, వెదురు, వేట, ఎండాకాలం గడ్డికి నిప్పు పెట్టడం, నిన్నటిదాకా బతుకుగా ఉన్నవి ఒక్కోటీ నేరాలయ్యాయి.

నరహరి గోపాలకృష్ణమ శెట్టి 1886లో కర్నూలు జిల్లా మాన్యువల్ కూర్చాడు. కృష్ణకు అవతల, నిజాం వైపు చెంచుల మధ్య ఉండి హైమెన్‌డార్ఫ్ రాసిన పుస్తకం 1943లో వచ్చింది. ఒకటి సర్కారు చూపు, ఒకటి మానవశాస్త్రవేత్త చూపు. రెండోదాంట్లో ప్రేముంది, ఒప్పుకోవాలి. అయినా ఇన్ని వందల ఏళ్లు ఆ దారిన యాత్రికుల్ని నడిపించిన మనిషి, యాత్రికుల గురించి ఏమనుకున్నాడో చెప్పే పేజీ ఒక్కటి కూడా నా చేతికి రాలేదు. వీరాస్వామయ్య చెంచుల్ని చూశాడు. ఆయన్ని చూసిన చెంచు ఏమనుకున్నాడు? పల్లకీలో కూర్చుని నీళ్ల రుచి రాసుకుంటున్న మనిషిని చూసి ఇంటికి పోయి పెళ్లానికి ఏమని చెప్పుంటాడు?

తర్వాతి మెట్టు 1983. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం పులుల రిజర్వు అయింది. 3,568 చదరపు కిలోమీటర్లు, అప్పటికి దేశంలో అన్నిటికన్నా పెద్దది. పులికి అది మంచే చేసింది. నేను పులికి వ్యతిరేకిని కాను. రాత్రి తొమ్మిదికి గేటు పడితే మా బంధువులు తిట్టుకుంటారు గానీ, ఆ గేటు ఉండాల్సిందే. కానీ ఆ గేటు పక్కన నిలబడి చూస్తే తేడా తెలుస్తుంది. 1830లో అడివిలో రాత్రి పడుకోవాలంటే ఒకరు నవాబు, ఒకరు చెంచు, ఇద్దర్నడగాలి. ఇప్పుడు ఒక్కర్నే అడగాలి. తగ్గిందెవరు?

మళ్లీ గ్రాండ్ కేన్యన్‌కు వస్తా.

ఆ ఏడు మంచు ఎక్కువ. దక్షిణపు అంచు ఏడు వేల అడుగుల ఎత్తు. ట్రెయిలర్ విలేజ్‌లో మాకిచ్చిన చోట మంచు కుప్పలున్నాయి. నీళ్ల గొట్టం గడ్డకట్టి, పొద్దున్నే నాయన వేడినీళ్లు పోసి కరిగించాడు. మురుగు గొట్టం తగిలించే పని నాది, తిట్టేది మా ఆవిడ. అద్దెకిచ్చిన వాళ్లు హీటర్ పనిచేస్తుందని చెప్పారు, చెయ్యలేదు. ఆ రాత్రి అయిదుగురం రెండు బొంతల్లో దూరాం. అమ్మ బొంతలు తెచ్చింది కాబట్టి బతికాం. ఆవిడ దాన్ని ఇప్పటికీ గుర్తు చేస్తుంది.

మర్నాడు ఎండ వచ్చింది. అంచు మీద కమ్మీ పట్టుకుని కిందకు చూస్తే, మూడు వేల అడుగుల లోతులో, ఎర్రటి రాళ్ల మధ్య చిన్న పచ్చటి గీత. మా వాడు దుర్భిణి నాయనకిచ్చాడు. నాయన చాలాసేపు చూశాడు.

"చెట్లుండాయి. మనుషులు నాటిన చెట్లే అవి. ఆడ ఎవురుండారురా?"

ఆ చోటు పేరు హవసుపాయ్ గార్డెన్స్. మేము పోవడానికి నాలుగు నెలల ముందు, 2022 నవంబరులో, ఆ పేరు పెట్టారు. అంతకు ముందు ఇండియన్ గార్డెన్. హవసుపాయ్ మనుషులు ఆ వాగు పక్కన పైర్లు వేసుకునేవాళ్లు. 1903లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ వచ్చి, ఇది పార్కు కాబోతోంది, ఖాళీ చెయ్యండని వాళ్లతో చెప్పాడు. 1919లో నేషనల్ పార్కు అయింది. 1928లో ఆఖరి మనిషిని పంపించేశారు. ఇదంతా ఫోన్‌లో చదివి నాయనకు తెలుగులో చెబుతున్నా. చెబుతూ ఇంకో వాక్యం దగ్గర ఆగిపోయాను. అంతకుముందు, అధ్యక్షుడు ఆర్థర్ ఉత్తర్వుతో ఆ మనుషుల్ని లోయలో ఒక మూలకు, 518 ఎకరాలకు కుదించింది 1882లో.

1882. మద్రాసు అటవీ చట్టం వచ్చిన ఏడే.

దీన్నుంచి పెద్ద సిద్ధాంతం తియ్యడానికి నాకు చదువు చాలదు. ఆర్థర్‌కు మద్రాసు సంగతి తెలీదు, మద్రాసు కౌన్సిల్‌కు హవసుపాయ్ సంగతి తెలీదు. అయినా ఒకే కాలపు బుద్ధి, భూమికి అటూ ఇటూ, ఒకే పని చేసింది. అడివంటే మనుషుల్లేని చోటు అని ముందు నిర్ణయించుకుని, తర్వాత ఉన్న మనుషుల్ని తీసెయ్యడం. నేను స్కూల్లో అడవుల సంరక్షణ మీద వ్యాసరచనలో బహుమతి తీసుకున్నా. అందులో చెంచు అనే మాట లేదు. ఎవరూ నేర్పలేదు అనడం సులువు. మా ఇంట్లోనే మా నాయన ఉన్నాడు, పెద్దచెరువు దాకా నడిచినవాడు. నేనే అడగలేదు.

తేడా కూడా చెప్పాలి. 1975లో హవసుపాయ్‌కు దాదాపు 1,85,000 ఎకరాలు తిరిగి ఇచ్చారు. వాళ్లు డెబ్బై ఏళ్లు అడిగితే. మన దగ్గర 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. తాతల నాటి అన్యాయాన్ని సరిదిద్దడానికని దాని పీఠికలోనే ఉంది. మనిషికింత అని సాగు పట్టాలివ్వడం దాంట్లో సులువైన భాగం. చెంచులు సాగుతో బతికినవాళ్లు కారు, కాబట్టి పట్టాతో వాళ్లకు తిరిగొచ్చేది తక్కువ. వాళ్లది దారి. వాళ్లది తేనె, గడ్డ, వాగు. దానికి ఏ సర్వే నంబరు వేస్తారు? బైర్లూటిలో అటవీ శాఖ పెట్టిన క్యాంపులో ఇప్పుడు చెంచు పిల్లలు పనిచేస్తారు, సఫారీకి దారి చూపిస్తారు. ఆ పిల్లల్ని చూసి వెటకారం చెయ్యను, అది ఉద్యోగం, మంచిదే. రుసుం తీసుకున్నవాడి మనవడికి ఇప్పుడు జీతం వస్తోంది. రెండూ ఒకటి కావని మాత్రం గుర్తుండాలి.

ఆ సాయంత్రం ఆర్వీ బయట కుర్చీలేసుకుని కూర్చున్నాం. అమ్మ రొట్టెలు వేడి చేసింది. నాయన అడిగాడు, ఈ చోటుకు రాత్రికి ఎంతని. చెప్పాను. నోరు తెరిచాడు.

"అంత ఎవురికి పోతాది?"

"దీన్ని నడిపే కంపెనీకి. కొంత పార్కుకి."

"మల్ల ఆ కింద చెట్లు నాటినోళ్లకు?"

నేను రొట్టె తింటూ ఉండిపోయా. నాయన కాసేపాగి పెద్దచెరువు సంగతి చెప్పాడు. ఈ ముక్క అంతకుముందు ఎప్పుడూ వినలేదు. 1964లో వాళ్లు పెద్దచెరువు చేరేసరికి చీకటి పడింది. మా జేజికి జ్వరం. గూడెంలో ఒక చెంచాయన తన గుడిసె ముందు చోటిచ్చి, రాత్రంతా మంట ఆరకుండా చూశాడు. నాయన ఆయన్ని మామా అని పిలిచాడు, ఎవరు పిలవమన్నారో గుర్తు లేదు. పొద్దున బయలుదేరేటప్పుడు మా జేజినాయన ఒక పడి జొన్నలు కొలిచి ఇచ్చాడు. ఆయన తీసుకుని, చేత్తో తూకం చూసి, ఇంకో అర పడి అడిగాడంట.

"బేరమాడినాడా జేజినాయన?" అన్నాను.

"బేరమేంది? వాళ్ల చోటు కదా. అడిగింది ఇచ్చినాడు."